నది కంటె ముందు కబురు రావలెను

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల ప్రజలకును, అధికారులకును విన్నపము



కృష్ణకు వరద వచ్చుచున్నదని అధికారికి తెలిసిన ఘడియకును, ఆ మాట ఏటిలో మోటారు విప్పుకొనుచున్న రైతు చెవిని బడు ఘడియకును నడుమ నున్న వ్యవధియే మన మూడు జిల్లాలకు అసలైన ప్రమాదస్థలము. ఈ కరపత్రము ఆ వ్యవధిని గూర్చినది. హెచ్చరిక జారీయైనదా యన్నది గాక, అందవలసినవానికి అందినదా యన్నదే ఇకమీదట కొలబద్ద కావలెననియు, అందినదని గ్రామము తిరిగి చెప్పువరకు ఆ హెచ్చరిక నిచ్చిన కార్యాలయపు బాధ్యత తీరలేదని ఒప్పుకొనవలెననియు మేము కోరుచున్నాము.

ఇప్పుడు జరుగుచున్న తీరును నిదానించి చూడుడు. పైన కర్ణాటకమున ఆలమట్టి, నారాయణపురం జలాశయముల గేట్లెత్తుదురు. ఆ నీరు మన జూరాల జలాశయమునకు చేరును. జూరాల నిండుచున్నకొలది ఇచ్చటి ఇంజనీర్లు గేట్లెత్తి దిగువకు వదలుదురు. ఇన్‌ఫ్లో ఇన్ని లక్షల క్యూసెక్కులు, ఔట్‌ఫ్లో ఇన్ని లక్షల క్యూసెక్కులు, నదీతీర ప్రజలు అప్రమత్తముగా నుండవలెను, అను ప్రకటన పత్రికలకును వాట్సాప్ గ్రూపులకును చేరును. ఈ ప్రకటనలో అసత్యమేమియు లేదు. ఇంజనీరునకది సంపూర్ణము కూడ. కాని బీచుపల్లి దిగువన ఏటి ఒడ్డున గొర్రెలు మేపుకొను కాపరికి, సోమశిల రేవున పుట్టి వేసికొని వలలు తీయబోవు జాలరికి, మూడు లక్షల క్యూసెక్కులనగా నీరు ఎంతవరకు ఎక్కునో, ఏ వేళకు ఎక్కునో ఎవ్వరు విప్పి చెప్పుచున్నారు?

నీరు పెరుగుచున్నదన్న మాట వినగానే ఏటిగట్టు రైతు చేయు మొదటి పని ప్రాణము కాచుకొనుట కాదు, మోటారు కాచుకొనుట. స్టార్టరు డబ్బా విప్పి, వైరు చుట్టి, పైపుల బోల్టులూడదీసి, ఇద్దరు మనుష్యులు నడుములోతు నీటిలో దిగి, మోటారును త్రాళ్లు కట్టి గట్టుకు లాగవలెను. అది అప్పుచేసి కొన్న మోటారు కనుక దానిని విడిచి రమ్మని ఎవ్వరు చెప్పినను వాడు వినడు. అట్టివానితో అప్రమత్తముగా నుండుమనుట వ్యర్థము. "రేపు తెల్లవారి ఆరుగంటలకు జూరాలలో మరికొన్ని గేట్లెత్తెదరు, ఈ రాత్రి ఎనిమిదింటిలోపల మోటార్లు తీసికొనుడు, ఆ పిమ్మట ఏటిలో దిగవలదు, నీరు మీ రేవు పైమెట్టు దాటును" అని చెప్పినచో అది హెచ్చరిక. ఏమి రానున్నది, ఎక్కడికి రానున్నది, ఎప్పటికి వచ్చును, వినినవాడేమి చేయవలెను అన్న నాలుగింటికి జవాబు లేని ప్రకటనను హెచ్చరిక యని పిలువరాదు.

ఊరినిబట్టి ఈ జవాబులు మారును. గద్వాల మండలములోని గుర్రంగడ్డ చుట్టును కృష్ణ పారు పల్లె. వరద హెచ్చినపుడు పడవ నిలిచిపోవును గనుక, నెలలు నిండిన స్త్రీని, జ్వరపడిన బిడ్డను ముందునాడే ఇవతలి గట్టునకు చేర్చవలసియుండును. గంట ముందు వచ్చిన కబురు వారికెందుకు? మఱియొక చిక్కు కలదు. ఒకే నీరు కుడిగట్టున గద్వాల కలెక్టరు ఏలుబడిలోను, ఎడమగట్టున వనపర్తి కలెక్టరు ఏలుబడిలోను పారి, కొల్లాపురము చేరునప్పటికి నాగర్‌కర్నూలు కలెక్టరు పాలబడును. 2016 అక్టోబరు 11న పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా విడిపోయినదే గాని కృష్ణ విడిపోలేదు. మూడు కార్యాలయములు మూడు మాటలుగా, మూడు వేళలందు చెప్పుటకంటె, జూరాల గేట్లవద్దనుండి ఒకే వాక్యము ఒకే క్షణమున ఇరుగట్లకును పోవు కట్టుబాటు చేసికొనుట అవశ్యము. తుంగభద్ర వైపున ఈ అవసరము రెండు రాష్ట్రముల నడుమ కూడ కలదు. సుంకేసుల బ్యారేజీ గేట్లు ఆంధ్రప్రదేశ్ అధికారుల చేతిలో నున్నవి, ఆవలి ఒడ్డు పల్లెలు మనవి.

2009 అక్టోబరు తొలి దినములను అలంపురము, రాజోలి ఇంకను మరువలేదు. కృష్ణాతుంగభద్రలు ఒక్కుమ్మడిగా పొంగి కర్నూలు నగరమును ముంచి, శ్రీశైలమునకు దాదాపు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహమును మోసికొనిపోయిన ఆ దినములలో అలంపురపు జోగులాంబ సన్నిధిని నీరు చేరెను. రాజోలిలో నేతగాండ్ర ఇండ్లు మగ్గములతో కూడ నేలగూలెను. అంత నీటిని ఏ హెచ్చరికయు ఆపజాలదు, నిజమే. కాని మగ్గముమీది చీరను కోసి చుట్టుకొనుటకు, నూలును మిద్దెపైకి చేర్చుటకు, ముసలివారిని బండి యెక్కించుటకు కావలసిన కొద్ది గంటలను దక్కించుట హెచ్చరికకు సాధ్యము. ఆ కొద్ది గంటలే ఒక కుటుంబము మరల నిలదొక్కుకొనుటకు ఆధారమగును.

వానలు కురిసినపుడే ఆపద వచ్చునని నమ్మియుండరాదు. వనపర్తి సీమలో 1959లో ప్రారంభమై, నిండగానే తనంతట తానే నీరు వదలు సైఫన్ల ఏర్పాటుతో ప్రసిద్ధికెక్కిన సరళాసాగర్ కట్టకు 2019 డిసెంబరు 31 ఉదయమున గండి పడి నీరంతయు దిగువకు పోయెను. అది చలికాలము. అట్టినాడు వాతావరణ శాఖవారి పసుపు, నారింజ, ఎరుపు రంగులలో ఏ రంగును మనకు అక్కరకు రాదు. కట్టమీద నిలిచిన మనుష్యుడు ఎవరికి చెప్పవలెనో, వారు ఎవరికి చెప్పవలెనో ముందుగా వ్రాసియుంచిన వరుసయొక్కటియే అక్కరకు వచ్చును. 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టము తన పరిధిలోని పాత ఆనకట్టలకు కూడ అత్యవసర కార్యాచరణ ప్రణాళిక సిద్ధము చేయుటకు ఐదేండ్ల గడువిచ్చినది. ఆ చట్టము 2021 డిసెంబరు 30న అమలులోనికి వచ్చినది గనుక ఆ గడువు 2026 డిసెంబరుతో తీరును. ఆ ప్రణాళిక ఇంజనీర్ల బీరువాలో నుండిన చాలదు. దిగువ పల్లె పంచాయతీ గోడమీద, ఆ పల్లె తెలుగులో, అందరు చదువునట్లు అంటింపబడవలెను.

సెల్‌ఫోన్లుండగా ఇంత ప్రయాస యెందుకని కొందరందురు. 2023లో దేశమంతట సెల్ బ్రాడ్‌కాస్ట్ పద్ధతిని పరీక్షించినపుడు చేతిలోని ఫోన్లు ఒక్కసారిగా గట్టిగా మ్రోగిన సంగతి మీకు గుర్తుండును. అది మంచి సాధనము. టవరు పరిధిలో ఆ సదుపాయము గల ప్రతి ఫోనునకు క్షణములో చేరును, వాడుకదారుల సంఖ్య యెంతయైనను తడబడదు. దానిని మేము నిరాకరింపము. కాని నల్లమల లోపలి అప్పాపూరు మొదలగు చెంచుపెంటలలో సిగ్నలును నమ్ముకొని ప్రాణములు నిలుపుకొనలేము. కృష్ణాతుంగభద్రల నడుమ నున్న నడిగడ్డ విత్తనపత్తి చేలలో పూవు తాకించుచున్న కూలి స్త్రీల ఫోన్లు ఇంటివద్దనో, గట్టున సద్దిమూటలోనో యుండును. ఆకాశము మూసికొనివచ్చి, తొలి ఉరుము వినబడగానే వారు పోయి నిలుచునది చెట్టుక్రిందనే. పిడుగు పడుటకు అంతకంటె అనువైన చోటు లేదు. వారికి చేరవలసినది పొలాలమీదుగా వినవచ్చు సైరనుమ్రోత. అది మ్రోగగానే చెట్టు విడిచి పక్కాయింటికి పోవలెనని పూర్వమే నేర్పియుండవలెను. అట్లుగాక, జిల్లా యంతటికి ఉరుములతో కూడిన వర్షము పడునని వారమున నాలుగుమార్లు సందేశము పంపినచో, ఐదవమారు ఎవ్వరును చదువరు.

పూర్వము ఈ పని దండోరా చేసెడిది. డప్పు మ్రోగగానే ఊరంతయు చెవియొగ్గెడిది. చెప్పువాడు వాడవాడ తిరిగి, మన మాటలలో, ముసలివారికి రెండవమారు చెప్పి పోయెడివాడు. ఆ పద్ధతిలోని అన్యాయమును కప్పిపుచ్చుట మా యుద్దేశ్యము కాదు. తరతరములుగా ఒక కులమువారిపై కూలిలేని వెట్టిగా మోపబడిన చాకిరి అది. ఆ రూపమున అది తిరిగి రాగూడదు. కాని 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవి రద్దయి, 2023లో గ్రామ రెవెన్యూ సహాయకులను ఇతర శాఖలలో సర్దిన తరువాత, అర్ధరాత్రి తహశీలుదారు ఫోను చేసినచో ఊరిలో లేచి తలుపులు తట్టవలసిన మనిషి ఎవరో అనేక గ్రామములలో తెలియకపోయెను. ఇటీవల వచ్చిన గ్రామ పాలనాధికారికి అనేక పనులు కలవు. కనుక ఏటిగట్టు ప్రతి గ్రామమునను ఇద్దరు హెచ్చరిక కార్యకర్తలను, అందొకరు స్త్రీగా, ఏ కులమువారైనను సరే, నెలకు గౌరవవేతనముతో నియమింపవలెను. వారికి బ్యాటరీతో పనిచేయు మైకు, టార్చిలైటు, చేతితో త్రిప్పు సైరను ఈయవలెను. కరెంటు పోయిన రాత్రియే వరద రాత్రి యగును గదా. తండాలలో లంబాడీ భాషలో, రాయచూరు సరిహద్దు పల్లెలలో కన్నడమున చెప్పగలవారు కావలెను. చెంచుపెంటలకు అటవీశాఖ బేస్ క్యాంపుల వైర్‌లెస్ సెట్లద్వారా కబురంపు ఏర్పాటు చేసినచో కొత్త స్తంభము నిలుపు పనియే లేదు.

ఈ కార్యకర్త మాట ఊరంతట చాటిన పిమ్మట, ఎంతమంది ఏటిలో నున్నారో, ఎవరు కదలలేకున్నారో విచారించి, జిల్లా కంట్రోల్‌రూమునకు తిరిగి తెలుపవలెను. ఆ జవాబు రాని గ్రామము పేరు కలెక్టరు ఎదుట గోడమీద ఎఱ్ఱసిరాతో నిలువవలెను. అది చెరుపబడకున్నచో పోలీసుజీపు ఆ గ్రామమునకు బయలుదేరవలెను. మేమడుగు సంస్కరణమంతటిలో ప్రాణమువంటిది ఈ తిరుగు జవాబే. దీనికి కొత్త శాసనమక్కరలేదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము జిల్లాకొక సంస్థను నెలకొల్పి, కలెక్టరును దానికి అధ్యక్షునిగా జేసి, ముందస్తు హెచ్చరికలను ప్రజలకు చేర్చు ఏర్పాటును 30వ సెక్షనులో ఆ సంస్థకే అప్పగించినది.

ఇట్లు మాటిమాటికి సైరను మ్రోగించినచో జనులు బెదరుదురను వాదము వినుచున్నాము. బెదరించునది తెలియని మ్రోత. జపానులో పురపాలక సంఘముల లౌడ్‌స్పీకర్లు అనేక పట్టణములలో ప్రతి సాయంకాలము ఒక పాట వరుసను వినిపించును. బిడ్డలు ఇండ్లకు మరలుటకు గురుతుగా నుండుటయే గాక, యంత్రము పనిచేయుచున్నదన్న పరీక్షయు దానితోనే జరిగిపోవును. మన ఊళ్లలో నెలకొకసారి సంతరోజున మధ్యాహ్నము పన్నెండింటికి సైరను మ్రోగించి, ఇది పరీక్ష యని మైకులో చెప్పినచో, బడిపిల్లవాడు మొదలు తాత వరకు ఆ శబ్దమును గుర్తుపట్టుదురు. బంగ్లాదేశము 1972 నుండి వేలకొలది స్వచ్ఛంద కార్యకర్తలతో, జెండాలతో, చేతిమైకులతో తుపాను కబురును తీరపు గుడిసెల దాక మోయించుచున్నది. ఆ దేశమునకు మనకంటె సిరి యెక్కువ లేదు. అదియునుగాక, ఆనకట్ట తెగినదని వాట్సాప్‌లో పుకారు లేచిన రాత్రి, తెగలేదని చెప్పుటకు కూడ జనులు నమ్ముటకలవాటుపడిన గొంతు ఒకటి కావలెను.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము గ్రామసభ రెండు నెలలకొకసారి జరుగవలెను. రాబోవు సభలో మీ ఊరి రేవు, వాగుమీది లోలెవెల్ వంతెన, నీరు ముందెక్కు వాడ, కదలలేనివారున్న ఇండ్లు, వీని పట్టికను వ్రాయించి, ఇద్దరు కార్యకర్తల పేర్లను తీర్మానములో చేర్చి, సర్పంచి సంతకముతో కలెక్టరు కార్యాలయమున ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకొని ఆ ప్రతిని పంచాయతీలో నుంచుడు. జూరాల గేట్లెత్తు కాలము రాకపూర్వమే ఈ పని ముగియవలెను.