గుడ్డు పెంకూ, పై దవడా

కోడిగుడ్డు పెంకుకు చిన్న కిటికీ కోయాలి, లోపలి పల్చటి పొర మాత్రం చిరగకూడదు. సైనస్ లిఫ్ట్ నేర్చుకునే పళ్ల డాక్టర్లు చాలామంది ఇలా గుడ్ల మీదే సాధన చేస్తారు.

పై దవడ వెనకవైపు పన్ను పోయి ఏళ్లయితే అక్కడి ఎముక కరిగిపోతుంది. పైనున్న గాలి గది, అదే సైనస్, కిందికి దిగుతుంది. ఇక కృత్రిమ పన్ను కోసం బిగించే ఇంప్లాంట్ మరకు పట్టు ఏదీ? అందుకని దవడ పక్కగోడకు కిటికీ తెరిచి, సైనస్ పొరను మెల్లగా పైకి లేపి, ఆ ఖాళీలో ఎముక పొడి నింపుతారు. ఆ పొర మందం మామూలుగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు.

కిటికీ కోయడానికి పాత సాధనం గిర్రున తిరిగే వజ్రపు బర్. ఎముకయినా, పొరయినా దానికి ఒకటే. కొత్తది ఇటలీ డాక్టర్ తొమాజో వెర్చెలొట్టి ప్రచారంలోకి తెచ్చిన పీజో. దాని మొన సెకనుకు పాతిక వేల సార్లకు పైగా వణుకుతుంది. గట్టి ఎముక తెగుతుంది, మెత్తటి పొర ఆ వణుకుతోపాటే ఊగి తప్పించుకుంటుంది. 2001లో ఆయన బృందం 15 మందికి 21 సైనస్‌లు చేస్తే చిరిగింది ఒక్కటే.

ఇంతవరకు వింటే బర్‌ను అవతల పారేయాలనిపిస్తుంది. కానీ ఆ 21లో పోల్చి చూడటానికి బర్ లేదు. 2008లో అదే ఇటలీలో బరోనె బృందం 13 మందికి ఒకవైపు పీజో, రెండోవైపు బర్ వాడింది. పొర చిరిగింది పీజో వైపు 30 శాతం, బర్ వైపు 23 శాతం. 13 మందిలో ఆ తేడా ఒక్క మనిషి! అంటే ఏదీ గెలవలేదు.

మరి చిరుగు ఎక్కడ పడుతోంది? 2007లో అమెరికాలో వాలెస్ బృందం పీజోతో చేసిన 100 కేసుల్లో 7 చిరిగాయి. ఏడూ కిటికీ కోసేటప్పుడు కాదు, తర్వాత చేతి పనిముట్లతో పొర లేపేటప్పుడే. అంటే మిషన్ కన్నా చెయ్యి ముఖ్యం.

మా ఒంటిమిట్ట రామాలయం గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో ఉంటారు. ఆ శిల్పి ఉలి ఎక్కడ కొన్నాడని ఏ భక్తుడూ అడిగినట్టు వినలేదు. పళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కడప బస్సు ఎక్కకముందే మిషన్ పేరు వాకబు చేస్తాం.

మిషన్ పేరు కాదు, ఇవి అడగండి: స్కాన్‌లో సైనస్ లోపలి అడ్డుగోడలు చూశారా? ఇలాంటివి ఎన్ని చేశారు? పొర చిరిగితే ఏం చేస్తారు? చిన్న చిరుగైతే కొలాజెన్ పొర కప్పి పని సాగించవచ్చు. పెద్దదైతే చాలాసార్లు అక్కడికి ఆపి, కుట్లు వేసి, కొన్ని నెలల తర్వాత మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది.