పాఠం చెప్పే గంట ఎటు పోయింది

2025 మార్చిలో విజయనగరం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు పిల్లలందరి ముందు గుంజీలు తీశారు. పిల్లలు దారికి రావడం లేదని, వాళ్లను దండించే వీలు తనకు లేదని, అందుకే తనను తానే శిక్షించుకుంటున్నానని చెప్పారు. ఆ వీడియో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తిరిగింది. మరుసటి నెలలో ఉత్తరాంధ్రలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, సెల్‌ఫోన్ తీసుకున్నందుకు ఒక విద్యార్థిని తన అధ్యాపకురాలిని చెప్పుతో కొట్టింది. రెండూ చూసి చాలామంది ఒకటే మాట అన్నారు: బెత్తం పోయింది, భయం పోయింది, వాటితోపాటే గౌరవమూ పోయింది.

నేనలా అనుకోను. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అది జరగాల్సిన మంచి పని. బెత్తం రాజ్యమేలిన రోజుల్లోనే ‘బతకలేక బడిపంతులు’ అన్న సామెత ఊరూరా వినిపించేది. పిల్లలు పంతులుగారిని చూసి వణికిన కాలంలోనూ పెద్దలు ఆయన్ని చిన్నచూపే చూశారు. ఇప్పుడు ఆ చిన్నచూపు ఉత్తర్వులుగా, యాప్‌లుగా, డ్యూటీలుగా బడిలోకి వస్తోంది. పిల్లలు దాన్ని రోజూ కళ్లారా చూస్తున్నారు.

ముందు గంటల లెక్క చూద్దాం. జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ 2018లో ఉపాధ్యాయుల బోధనేతర పనులపై ఒక అధ్యయనం చేసింది. ఏడాది పని గంటల్లో నేరుగా పాఠం చెప్పడానికి దక్కుతున్నది 19.1 శాతమని అందులో తేలింది. పాఠానికి అనుబంధమైన పనులకు 42.6 శాతం, బడి నడపడానికి సంబంధించిన బోధనేతర పనులకు 31.8 శాతం, ఇతర శాఖల పనులకు 6.5 శాతం పోతున్నాయి. అనుబంధ పనులన్నిటినీ బోధన కిందే జమ కట్టినా, మూడో వంతుకు పైగా సమయం పాఠానికి దూరమే. వైద్యుడి పని గంటల్లో మూడో వంతు రోగులకు సంబంధం లేని కాగితాలకు పోతోందని తెలిస్తే ఆస్పత్రి ముందు ధర్నా చేస్తాం. బడి దగ్గరికి వచ్చేసరికి ఆ మాత్రం ఇంగితం ఏమవుతోంది?

ఇక ఆ పనులు ఎలాంటివో చూడండి. 2020 మేలో లాక్‌డౌన్ మధ్యలో మద్యం దుకాణాలు తెరిచినప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉపాధ్యాయులను ఆ దుకాణాల ముందు క్యూలు సరిచేసే పనికి పెట్టారు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో బడి మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టే పని వాళ్ల నెత్తిన పడింది. దాన్ని 2024లో తొలగించడం సంతోషమే, కానీ ఆలోగా ఎన్ని ఉదయాలు ఆ ఫోన్ తెర మీద కరిగిపోయాయో ఎవరూ లెక్క కట్టలేదు. ఉత్తరప్రదేశ్‌లో 2021 పంచాయతీ ఎన్నికల విధులకు వెళ్లి, కరోనా సోకి చనిపోయారంటూ అక్కడి ఉపాధ్యాయ సంఘం 1,621 పేర్లతో జాబితా ఇచ్చింది. ప్రభుత్వం మొదట ఒప్పుకున్నది ముగ్గురినే. ఈ ఒక్క అంకె చాలు, మనం ఎవరి ప్రాణానికి ఎంత విలువ కడుతున్నామో చెప్పడానికి.

2024 నవంబరులో తెలంగాణ సమగ్ర కుటుంబ సర్వేకు 36 వేలకు పైగా సెకండరీ గ్రేడ్ టీచర్లను తీసుకున్నారు. ఆ సర్వే రోజుల్లో ప్రాథమిక పాఠశాలలు ఒంటిపూటే నడిచాయి. సర్వే అవసరాన్ని నేను కాదనడం లేదు. కానీ విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చాలా స్పష్టంగా ఉంది: పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే పనికీ ఉపాధ్యాయులను వాడకూడదు. ఎన్నికల పనిని కూడా సెలవు రోజుల్లో, పాఠాలు లేని వేళల్లో మాత్రమే అప్పగించాలని సుప్రీంకోర్టు 2007 డిసెంబరులోనే చెప్పింది. చట్టం ఉంది, తీర్పు ఉంది. ఫోన్‌లో వచ్చే ఒక్క మెసేజ్ ముందు రెండూ నిలవడం లేదు.

అన్నిటికంటే నన్ను కలవరపెడుతున్నది ఏకోపాధ్యాయ పాఠశాలల సంఖ్య. కేంద్ర విద్యాశాఖ 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో ఒకే టీచరు ఉన్న బడులు 1,04,125. వాటిలో చదువుతున్న పిల్లలు 33 లక్షలకు పైనే. రాష్ట్రాల వరుసలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది: 12,912 బడులు. అలాంటి బడిలో టీచరు ఓటర్ల జాబితా పట్టుకుని వీధుల్లోకి వెళితే అయిదు తరగతులకూ ఆ పూట చదువు లేనట్టే. బళ్లో పాఠం ఎప్పుడైనా ఆపదగ్గ పని, బయటి పని మాత్రం ఆపకూడనిది అని ఏడేళ్ల పిల్లవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వాడే గ్రహిస్తాడు.

ఫలితం చదువులో కనిపిస్తోంది. అసర్ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగిన అయిదో తరగతి పిల్లలు 2018లో 59.7 శాతం, 2022లో 36.3 శాతం. మధ్యలో కరోనా వచ్చింది నిజమే, ఈ పతనంలో పెద్ద వాటా దానిదే కావచ్చు. అయితే అంత నష్టం జరిగిన తర్వాత టీచరును తరగతి గదిలోనే ఉంచడం మనకు మొదటి పని కావాల్సింది. కాలేదు.

ప్రైవేటు బడుల సంగతి వేరేగా చెప్పుకోవాలి. అక్కడ ఎండాకాలం వచ్చిందంటే టీచర్లు అడ్మిషన్ల టార్గెట్లు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. నిన్న తమ గుమ్మం ముందు నిలబడి సీటు అమ్మిన మనిషి జూన్‌లో పిల్లవాణ్ణి మందలిస్తే, ఫీజు కట్టిన తల్లిదండ్రులు ఊరుకోరు. కరోనా కాలంలో వీళ్ల బతుకు ఎంత బలహీనమైనదో బయటపడింది. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. లక్షమందికి పైగా ఆ సాయం అందుకున్నారు. పిల్లలకు లెక్కలు, సైన్సు చెప్పినవాళ్లు రేషన్ షాపు ముందు నిలబడిన దృశ్యాన్ని అంత త్వరగా ఎలా మరిచిపోయామో నాకు అర్థం కాదు.

ఇప్పుడు తక్షణం ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. జనగణనలో జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరికి నిర్ణయించారు. దేశమంతటా దాదాపు 30 లక్షల మంది సిబ్బంది కావాలి. వారిలో ఎక్కువమంది ఎప్పటిలాగే ఉపాధ్యాయులే. చట్టం దీన్ని అనుమతిస్తుంది, దేశానికి ఈ లెక్క అవసరం కూడా. కానీ ఫిబ్రవరి అంటే పదో తరగతి పరీక్షలకు ముందు నెల. ఏకోపాధ్యాయ బడుల టీచర్లను ఈ పని నుంచి మినహాయించాలి. మిగతా చోట్ల ఎవరు ఏ పూట వెళతారో, వాళ్ల తరగతి ఎవరు చూస్తారో ముందే రాసి బడి గోడకు అంటించాలి. ఇది జిల్లా స్థాయిలోనే చేయగలిగిన పని. తల్లిదండ్రులారా, ఈసారి బడి కమిటీ సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల కంటే ముందు ఒక ప్రశ్న అడగండి: పోయిన నెలలో మా టీచరును ఎన్ని రోజులు, ఏ పని మీద, ఎవరి ఉత్తర్వుతో బయటికి పంపారు? జవాబును మినిట్స్ పుస్తకంలో రాయించండి.