చేతిపనికి గురుపీఠము

విద్య యనగా పుస్తకమునందే యున్నదనియు, చేతిపని చదువురానివారి బ్రతుకుతెరువు మాత్రమే యనియు మనలో పలువురు తలంచుచున్నారు. ఈ తలంపు సరికాదని మా యభిప్రాయము. అందులకు మీరా ముఖర్జీ యను శిల్పి జీవితమే చాలినంత సాక్ష్యము.

ఆమె 1923లో కలకత్తాలో జన్మించెను. ఢిల్లీలో కళల నభ్యసించి, 1953 మొదలు 1956 వరకు జర్మనీదేశమునందలి మ్యూనిక్ నగరమున శిల్పవిద్య చదివెను. అంతటి చదువు చదివి వచ్చినవారు పట్టణమున పేరుప్రతిష్ఠలు వెదకుకొనుట వాడుక. ఆమె బస్తరు ప్రాంతమునకు పోయి, ఘడ్వాలు అను లోహకారుల చెంత కూర్చుండి పోతపని నేర్చుకొనెను.

ఆ పని యెట్టిదో విద్యార్థులు తెలిసికొనవలెను. మొదట మట్టితో బొమ్మ యాకారమును చేయుదురు. అది యారిన పిమ్మట తేనెమైనమును సన్నని దారములుగ తీసి దానిపై వరుసగ చుట్టుదురు. కన్నులు, నగలు మొదలైనవన్నియు ఆ మైనముతోనే తీర్చుదురు. మరల మట్టి పూసి కాల్చగా మైనము కరగి తొలగిపోవును. అది విడిచిన చోటును కరగిన ఇత్తడితో నింపుదురు. చల్లారిన వెనుక మట్టిని పగులగొట్టగా బొమ్మ వెలువడును. ఒక మూసకు ఒకటే బొమ్మ. కావున అచ్చముగ ఒకదానిని పోలినది మరియొకటి యుండదు. మట్టి పదను, మైనపు మెత్తదనము, మంటవేడి, వీనిలో నేది తప్పినను శ్రమయంతయు వ్యర్థమగును. ఇది శాస్త్రము కాదని యెవరనగలరు?

జానపదులు పాతబొమ్మలనే చేయుదురు, కళాకారుడు క్రొత్తది సృజించును, ఇరువురును సమానులెట్లగుదురని కొందరడుగవచ్చును. మీరా ముఖర్జీ బస్తరు బొమ్మలకు నకళ్లు తీయలేదన్నది నిజమే. పడవవారిని, నేతగాండ్రను, కూలిజనమును ఆమె కంచులో మలచెను. 1972 నాటి 'కళింగమున అశోకుడు' మనిషికి ఇంచుమించు రెట్టింపు ఎత్తుగల విగ్రహము. ఆ అశోకుని శాసనములు గల జౌగడ మన గంజాం జిల్లాలోనిదే కదా! భావము ఆమెది, మైనపు దారముల గీతలను విగ్రహపు మేనిపై నిలిపి శోభ తెచ్చు విద్య బస్తరు గురువులది. ఆ ఋణమును ఆమె దాచలేదు. లోహకారులను గూర్చి దేశమున పలుచోట్ల తిరిగి, పరిశోధించి వ్రాసిన గ్రంథమును 1978లో భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ ప్రచురించెను. 1992లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ నిచ్చెను. 1998లో ఆమె మరణించెను.

ఈ విద్య మనకు దూరమైనది కాదు. మన ఒడిశాలోని ఢెంకానాల్ జిల్లాలోను, తెలంగాణమున ఆదిలాబాదు ఓజాలలోను నేటికిని నిలిచియున్నది. కాని పనివాని బిడ్డ బడిలో తండ్రి వృత్తిని చెప్పుటకు సిగ్గుపడినచో, అది యెన్నాళ్లు నిలుచును? ఆ సిగ్గు పెద్దలు నేర్పినదే. పరీక్షలు సమీపించినంతనే బడులలో మొట్టమొదట రద్దగునది చిత్రలేఖనపు గంటయే కదా!

ఇంటిభాష తక్కువదను మాటను, ఒడియాసీమలో తెలుగు చదువుచున్న మన బాలబాలికలు ఎన్నియో మారులు విన్నవారే. ఇంటిపని తక్కువదనుటయు అట్టి మాటయే. కావున మా కోరిక యొక్కటి. ఏడాదికొక్కమారైనను ఒక లోహకారుని పాఠశాలకు రప్పించి, ఉపాధ్యాయుని కుర్చీలో కూర్చుండబెట్టి, పాఠము చెప్పింపవలెను. విద్యార్థులతోపాటు మేమును క్రింద కూర్చుండి వినుటకు సిద్ధముగ నున్నాము.