పేరు తేలని పురుగుకు చట్టంలో చోటేది?

హిమాలయ వాగు మీద పెద్ద జలవిద్యుత్ ప్రాజెక్టు తలపెడితే, ఆ నీటిలో ఏ జీవులున్నాయో ముందే లెక్క తీయాలి. చేపల పేర్లు జాతుల వారీగా రాయడం పరిపాటి. రాళ్ల కింద బతికే పురుగుల దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు కుటుంబం పేరుతోనే సరిపెడతారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఒక వాగును పోగొట్టుకుంటే మనం ఏం కోల్పోతామన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఆగిపోతోంది.

ఆ పురుగుల్లో ముఖ్యమైనది స్టోన్‌ఫ్లై. పేరులో ‘ఫ్లై’ ఉన్నా ఇది ఈగ కాదు. ప్లికాప్టెరా అనే ప్రత్యేక క్రమానికి చెందిన కీటకం. ప్రపంచంలో మూడున్నర వేలకు పైగా జాతులను ఇప్పటికే గుర్తించారు. జీవితంలో ఎక్కువ భాగం పిల్లపురుగుగా నీటిలోనే గడుపుతుంది. దీనికి చల్లని, ప్రాణవాయువు నిండిన పారే నీరు కావాలి. మురుగు కలిస్తే ముందుగా మాయమయ్యే వాటిలో ఇదొకటి.

క్రమాన్ని గుర్తించడం కష్టం కాదు. స్టోన్‌ఫ్లై పిల్లకు వెనుక రెండు తోకలు, ప్రతి కాలి చివర రెండు గోళ్లు ఉంటాయి. దాని పక్కనే కనిపించే మేఫ్లై పిల్లకు సాధారణంగా మూడు తోకలు, కాలికి ఒకే గోరు. మొప్పలు ఎక్కడున్నాయో చూస్తే కుటుంబమూ చాలావరకు తెలుస్తుంది. రొమ్ముభాగం కింద, కాళ్ల మొదళ్ల దగ్గర కుచ్చుల్లాంటి మొప్పలుంటే అది పెర్లిడే కుటుంబం.

అసలు చిక్కు జాతి దగ్గరే. ఆసియాలో విస్తారంగా ఉన్న నియోపెర్లా ప్రజాతినే తీసుకుంటే, చాలా జాతులు పైకి ఒకేలా ఉంటాయి. రెక్కలొచ్చిన మగపురుగు జననాంగాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించాలి. కొన్నిసార్లు గుడ్డు పైపెంకు మీది నగిషీని కూడా చూడాలి. సర్వేలో వలకు చిక్కేది మాత్రం ఎక్కువగా పిల్లపురుగే. దాన్ని చల్లని నీటిలో పెంచి రెక్కలొచ్చేదాకా ఆగాలి, లేదా డీఎన్ఏ పరీక్ష చేయాలి. ఆ డీఎన్ఏను పోల్చడానికి కూడా నిపుణులు ముందే సరిగ్గా పేరు తేల్చిన నమూనా ఉండాలి. యంత్రం వచ్చినంత మాత్రాన వర్గీకరణ శాస్త్రవేత్త అవసరం తీరిపోదు.

ఇంత శ్రమ ఎందుకన్నదానికి అమెరికా అనుభవం జవాబు చెబుతుంది. మంచు కరిగిన నీటిలో బతికే లెడ్నియా టుమానా, జపాడా గ్లేసియర్ అనే రెండు స్టోన్‌ఫ్లై జాతులను 2019 నవంబర్‌లో అక్కడి ప్రభుత్వం ముప్పున్న జాతుల జాబితాలో చేర్చింది. హిమానీనదాలు తరిగిపోవడమే కారణం. జపాడా గ్లేసియర్ పిల్లలను తోటి జాతుల నుంచి చూపుతో వేరు చేయలేరు. డీఎన్ఏతోనే అది ఎక్కడ మిగిలిందో, ఎక్కడ లేదో తేలింది. మోంటానాలోనే ఉందనుకున్నది వ్యోమింగ్‌లోనూ కనిపించింది. రక్షణ సాధ్యమైంది ముందు పేరు తేలింది కాబట్టే.

మన దేశంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నదుల జీవ పరీక్షలో కుటుంబానికి ఇంతని మార్కులు వేస్తుంది. పెర్లిడేకు గరిష్ఠంగా 10. నీరు శుభ్రమా కాదా అని తేల్చడానికి ఇది చవకైన, పనికొచ్చే పద్ధతి. కానీ ఒక లోయకే పరిమితమైన జాతి అంతరించి, అంతటా దొరికే మరో పెర్లిడే జాతి మిగిలినా మార్కులు 10గానే ఉంటాయి. స్టోన్‌ఫ్లైలు దూరం ఎగరలేవు. అందుకే ఒక్కో లోయలో ఒక్కో జాతి విడిగా రూపుదిద్దుకునే అవకాశం ఎక్కువ. నష్టమూ అక్కడే జరుగుతుంది, లెక్కకు అందకుండా.

చట్టంలోనూ ఖాళీలున్నాయి. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం 25 మెగావాట్ల లోపు జలవిద్యుత్ ప్రాజెక్టులకు ఆ మదింపే అక్కర్లేదు. అవి వచ్చేది ఈ పురుగులు బతికే చిన్న ఉపనదుల మీదే. నీటిని సొరంగంలోకి మళ్లిస్తే కిలోమీటర్ల కొద్దీ వాగు ఎండిపోతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షించే కీటకాల్లోనూ సీతాకోకచిలుకలదే పెద్దవాటా.

జేమ్స్ నీధమ్ 1909లోనే కలకత్తా ఇండియన్ మ్యూజియంలోని ఈ తరహా కీటకాలపై పత్రం ప్రచురించాడు. 1916లో జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఏర్పడింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కొత్తగా కనుగొన్న జీవి నమూనాను నిర్దేశిత సంస్థలో జమచేయాలంటోంది. పునాది ఉంది. లేనిది మనుషులు. వర్గీకరణకు ఉద్యోగాలు తక్కువ, పరిశోధకులకు గుర్తింపు ఇంకా తక్కువ.

చేయాల్సింది మరీ ఖరీదైనదేం కాదు. మదింపు కోసం సేకరించిన ప్రతి నమూనానూ పారేయకుండా ఆల్కహాల్‌లో భద్రపరచి ప్రభుత్వ భాండాగారానికి అప్పగించాలని షరతు పెట్టవచ్చు. ఆ ఖర్చు ప్రాజెక్టు యాజమాన్యం భరించాలి. ఇవాళ పేరు తేలకపోయినా రేపటి నిపుణుడికి ఆధారం మిగులుతుంది. నమూనా కూడా లేకుండా వాగే ఎండిపోతే, అక్కడ ఏముండేదో ఏ కోర్టులోనూ ఎవరూ నిరూపించలేరు.