లారీని అడగరేం?

కొల్లేరులో అక్రమ చేపల చెరువులనగానే మన అధికారులకు గట్లే గుర్తొస్తాయి. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ అంటూ యంత్రాలు దించి, ఐదో కాంటూరు లోపలి చెరువులను తెగ్గొట్టారు. కొన్నేళ్ళకే గట్లు మళ్ళీ లేచాయి. ఎందుకు లేవవు? చెరువును కొట్టారేగాని చేప పోయే దారి మూయలేదు.

సముద్రం మీద ఈ సంగతి ప్రపంచ దేశాలకు ముందే అర్థమయింది. నడిసముద్రంలో ప్రతి పడవ వెంటా కాపలా పెట్టలేం. దొంగతనంగా పట్టిన చేపయినా ఏదో ఒక రేవుకు రావలసిందే. అందుకే 2009లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో ఒప్పందం కుదిరింది, 2016లో అమల్లోకి వచ్చింది. అక్రమంగా వేటాడిన ఓడను రేవులో సరుకు దించనివ్వరు, ఆయిలు కూడా పొయ్యరు.

కొల్లేరుకు రేవెక్కడిదంటారా? ఉంది. ఆకివీడు, కైకలూరు ప్యాకింగ్ షెడ్లే మన రేవులు. శీలావతి, బొచ్చె ఐసులో సర్దుకుని కలకత్తా, అస్సాం వెళ్ళాలంటే ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి ఉండనే ఉంది. ఒక్కో చెరువు గట్టెక్కి వెతకడం కష్టమేమోగాని, షెడ్డు ముందు నిలబడి ‘ఈ సరుకు ఏ చెరువుది, లైసెన్సు నంబరెంత’ అని అడగడం కష్టమా? ఆక్వా సాగుకు లైసెన్సులిచ్చే చట్టం 2020లోనే వచ్చింది. 1999 నాటి 120వ నంబరు జీవో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించి చేపల చెరువులను నిషేధించింది; మావులతో, వలలతో సంప్రదాయ వేటను కాదనలేదు. అంటే తేడా చట్టంలోనే ఉంది. లారీ దగ్గర ఆ తేడా చూడమంటున్నాం, అంతే.

గట్లు తెగినప్పుడు నష్టపోయిందెవరో కూడా చెప్పుకోవాలి. 1976లో మత్స్యకార సొసైటీలకిచ్చిన చెరువులు క్రమంగా పెట్టుబడిదారుల చేతికి లీజుకు పోయాయి. పెట్టుబడిదారుడికి ఇంకోచోట చెరువుంటుంది. లంకల్లోని వడ్డి కుటుంబాలకేముంది? లీజు కాగితం మీద సంతకం మగవాడిది, అప్పు తీర్చే భారం ఇద్దరిదీ, చుట్టూ కొల్లేరున్నా మంచినీళ్ళ కోసం బిందె పట్టుకు తిరగడం మాత్రం ఆడదానిది!

తనిఖీ అంటే మామూళ్ళేగా అని మన మిత్రులే పెదవి విరుస్తున్నారు. నిజమే, చెక్‌పోస్టుల సంగతి మనకు తెలియనిది కాదు. అందుకే లైసెన్సుల జాబితా ప్రతి పంచాయతీ గోడమీదా అతికించాలి. తనిఖీ బృందంలో లంక గ్రామాల మహిళా సంఘాల సభ్యులుండాలి. అటవీశాఖ, మత్స్యశాఖ ఒకరి మీద ఒకరు నెట్టుకోకుండా ఒకే పుస్తకంలో సంతకం పెట్టాలి. లారీని వదిలేసి, ఏలూరు బజారులో తట్ట ముందు కూర్చుని కొర్రమీను అమ్ముకునే ఆమెను రశీదు అడిగారో, ఆ తనిఖీని ముందు అడ్డుకునేది మనమే.