ఓడ మల్లయ్య - బోడి మల్లయ్య

‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య’ అన్న సామెతను ఇరవై ఏళ్ళుగా తరగతిలో వివరిస్తున్నాను. కృతఘ్నతకు ఉదాహరణ అని పిల్లలచేత రాయిస్తున్నాను. ఆ మల్లయ్యకు జబ్బు చేస్తే గతేమిటని మాత్రం ఏనాడూ ఆలోచించిన పాపాన పోలేదు. మొన్న ఆదివారం మల్లయ్యే మా ఇంటికి వచ్చాడు.

అసలు పేరు వేరు లెండి. నా దగ్గర చదువుకుని, ఓడలో ఇంజను గది పనికి కుదిరిన శ్రీకాకుళం కుర్రవాడు. మా మేడమెట్లు ఎక్కివచ్చి కుర్చీలో కూలబడ్డాడు. రెండు నిమిషాలదాకా నోట మాట లేదు.

“ఏమయింది నాయనా?” అన్నాను.

“గుండె జబ్బు మాస్టారూ. ఓడలో ఉండగానే నొప్పి వచ్చేది. నిచ్చెన ఎక్కితే ఆయాసం. ఎవరికీ చెప్పలేదు.”

“ఎందుకు చెప్పలేదూ?”

“చెబితే అన్‌ఫిట్ అని రాసేస్తారు. మళ్ళీ ఓడ ఎవరిస్తారు? ఏటి చేస్తానండి!”

గడువు ముగిసి ఇల్లు చేరాడు. రెండు నెలలకు ఆస్పత్రి పాలయ్యాడు. ఇక ఓడ ఎక్కరాదన్నారు డాక్టర్లు. పరిహారం అడిగితే కంపెనీవారు ఒకటే ప్రశ్న వేశారట: “ఓడలో జబ్బు చేసిందనడానికి కాగితమేదీ?”

ప్రశ్న కటువుగానే ఉంది. కాని జవాబేదీ? చెయ్యి విరిగితే పదిమందీ చూస్తారు. గుండెలో నొప్పి ఎవరికి కనబడుతుంది? గాయం తనకు తానే సాక్షి. జబ్బుకు కాగితమే సాక్షి.

ఆ రాత్రి కూర్చుని సంగతులన్నీ చదివాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ వారి 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడికను మన దేశం 2015లో ఆమోదించింది. అది మల్లయ్య పక్షానే మాట్లాడుతోంది. పనిలో చేరిననాటినుంచి స్వదేశం చేర్చేదాకా వచ్చిన జబ్బుకు వైద్యం ఖర్చు ఓడ యజమానిదే. ప్రభుత్వాలు దానికి గడువు పెట్టవచ్చుగాని, 16 వారాలకు తగ్గించరాదు. పనివల్ల వచ్చిన జబ్బు దీర్ఘకాల వైకల్యంగా మిగిలితే, ఒప్పందం ప్రకారం రావలసిన పరిహారానికి యజమాని ముందుగానే పూచీ చూపాలి. 2017 నుంచి ఆ పూచీపత్రాన్ని ఓడలో అందరికీ కనబడేచోట పెట్టాలి. అయితే చేరేటప్పుడే ఉన్న జబ్బును కావాలని దాచినవాడికి ఈ రక్షణ దక్కకపోవచ్చు.

మల్లయ్యతో పనిచేసిన ఫిలిప్పీన్ కళాసీ ఒకడు, “దిగగానే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి” అనేవాడట. మనవాడు నవ్వి ఊరుకునేవాడట. ఆ దేశపు కళాసీల ఒప్పందంలో నియమమే అది. జబ్బుతో దిగినవాడు 3 పనిదినాల్లో కంపెనీ డాక్టరు ఎదుట హాజరు కావాలి. కదలలేనివాడు ఆ గడువులోనే ఉత్తరమైనా పంపాలి. లేకపోతే హక్కు చేజారినట్టే. డాక్టరు 120 రోజుల్లో సంగతి తేల్చాలి. వైద్యం ఇంకా కావలసివస్తే 240 రోజులదాకా. కళాసీ సొంత డాక్టరు కాదంటే, ఇరుపక్షాలూ ఒప్పుకున్న మూడో డాక్టరు మాటే ఖాయం.

ఆ గడువులు మనవాడికి వర్తించవు. వాడి అగ్రిమెంటులో ఏముందో అదే వాడికి వేదం. మర్నాడు అది పట్టుకు రమ్మన్నాను. తిరగేస్తూ, “నొప్పి వచ్చినప్పుడు మందేమైనా వేసుకున్నావా?” అని అడిగాను.

“గ్యాసని చెప్పి రెండుసార్లు మాత్రలు తీసుకున్నానండి.”

“ఎవరిచ్చారు?”

“సెకండ్ ఆఫీసరు. పుస్తకంలో రాసుకున్నాడు కూడా.”

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ పుస్తకంలోని రెండు పంక్తుల నకలు కోరుతూ అక్కడే కూర్చుని ఉత్తరం రాశాం. తోటి కళాసీలనూ చూసింది చూసినట్టు రాసివ్వమని అడిగాం. జవాబులు రావలసి ఉంది. ఆ రెండు పంక్తులతో పరిహారం వస్తుందని నేను వాడికి మాట ఇవ్వలేదు. నిన్నటిదాకా అవీ లేవుగదా!

మీ ఇంట్లో ఓడమీద పనిచేసే కుర్రవాడుంటే ఒక్క మాట చెప్పండి. ఒంట్లో బాగులేకపోతే కెప్టెనుకు చెప్పాలి, పుస్తకంలో రాయించాలి, నకలు దగ్గర పెట్టుకోవాలి, దిగగానే డాక్టరుకు చూపించుకోవాలి. ఏరు దాటాక బోడి మల్లయ్య కాకూడదనుకుంటే, ఏటి మధ్యనే నోరు విప్పాలి.