బాట వేసినవారు, బాట నిలిపినవారు



క్లాస్ లీడర్ల, హౌస్ కెప్టెన్ల ఎంపిక మొదలైతే చాలు, స్కూలుకు ఫోన్లు కూడా మొదలవుతాయి. ‘మా బాబును లీడర్‌ను చేయండి సార్, భయం పోతుంది’ అంటారు కొందరు. ‘పోయినేడు పాపకు అవకాశం రాలేదు, ఈసారైనా ఇవ్వండి’ అంటారు ఇంకొందరు. మీ ఆశ న్యాయమైనదే. కానీ పదవి వచ్చాక బిడ్డ ఎలా నడుచుకోవాలని అడిగేవారు అరుదు. ఈ నెల దాని గురించే నాలుగు మాటలు.

అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1789లో పదవి చేపట్టారు. ఎన్నిసార్లు ఆ పదవిలో ఉండవచ్చో అప్పటి రాజ్యాంగం పరిమితి పెట్టలేదు. అయినా రెండు పదవీకాలాలు పూర్తి చేసి, 1797లో తనంతట తానే తప్పుకున్నారు. చట్టమేమీ లేకుండానే అది ఆనవాయితీ అయింది. 1940లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ గెలిచేదాకా ఎవరూ మూడోసారి అధ్యక్షులు కాలేదు. చివరికి 1951లో ఆ హద్దు రాజ్యాంగంలోకే ఎక్కింది.

ఇక మన జిల్లాకు వద్దాం. ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. రెండోసారి ఆ పదవిలో ఉండగా, బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. ఆయన 1964లో రాజీనామా చేశారు. 1967లో లోక్‌సభ స్పీకర్‌గా ఎన్నికవగానే పార్టీ సభ్యత్వాన్ని వదులుకున్నారు. సభను నడిపేవారు ఏ ఒక్క పక్షానికీ చెందకూడదన్నదే అందులోని నీతి. ఆ తర్వాత 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. వాషింగ్టన్ బాటలో తర్వాతివారు నడిచారు కాబట్టి అది నిలిచింది. స్పీకర్‌గా సంజీవరెడ్డి చేసిన పని మాత్రం మన దేశంలో ఆనవాయితీ కాలేదు. పార్టీ వదులుకున్న స్పీకర్‌పై అనర్హత పడకుండా 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం వెసులుబాటు కూడా ఇచ్చింది. తలుపు తెరిచే ఉంది, నడిచేవారే కరువయ్యారు.

కాబట్టి మొదటివారు ఎంత ముఖ్యమో, వారి వెనుక వచ్చేవారూ అంతే ముఖ్యం. గుమ్మఘట్ట చుట్టుపక్కల మనకిది కొత్త కాదు. చెరువు తవ్వించినవారిని ఊరు తలుచుకుంటుంది. పూడిక తీసేవారు లేకపోతే మాత్రం అందులో నీరు నిలవదు.

మన పిల్లలందరూ ‘ఫస్ట్’ రాలేరు, అందరూ లీడర్లు కాలేరు. అయితే మంచి అలవాటును కొనసాగించడం ప్రతి బిడ్డకూ చేతనవుతుంది. స్నేహితుడు అల్లరి చేసినా బోర్డు మీద అతని పేరు రాసే లీడర్, పొరపాటు జరిగితే ‘నాదే బాధ్యత’ అనే కెప్టెన్, పదవి పోయాక కొత్త లీడర్‌కు పని నేర్పే పాత లీడర్ మన తరగతుల్లో కావాలి. అలాంటి లీడర్ మాట వినే పిల్లలూ కావాలి.

ఈసారి ఎంపికకు ముందు మాకు ఫోన్ చేసే బదులు, రాత్రి అన్నం తినేటప్పుడు మీ బిడ్డను అడగండి: ‘నువ్వు లీడర్ అయితే, నీ తర్వాత వచ్చేవారు కూడా చేయదగ్గ పని ఏం మొదలుపెడతావు? కాకపోతే, ఇప్పుడున్న మంచి పద్ధతుల్లో దేన్ని నిలబెడతావు?’

ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పగల బిడ్డకు బ్యాడ్జి రాకపోయినా మీరు దిగులు పడనక్కర్లేదు.